ప్లగ్గు పీకిన మేడమ్

మా కంపెనీ తయారుచేసే టెక్స్ట్ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌కి నేను రాసే సహాయ పేజీలను దిద్దే మేడమ్ ఖాజాగూడ మనిషి. ఆవిడ ఏ వాక్యాన్నీ నమ్మేవారు కాదు. రాసినవాణ్ణి అసలే నమ్మేవారు కాదు. స్క్రీన్ మీద వేలు ఆనించి, “చేసి చూసినవా తమ్మీ?” అనేవారు.

కొత్త వెర్షన్ కోసం ఒకసారి, “కరెంటు పోయినా మీరు టైపు చేసింది పోదు” అని రాశాను. వేలు అక్కడ ఆగింది.

“చూశానండి,” అన్నాను. చూడలేదు.

అదే ఎడిటర్లో, ఆ సాయంత్రం మేనేజర్‌కి పంపాల్సిన నా అప్రైజల్ తెరిచి ఉంది. ఏడాదంతా నేనేం పొడిచానో పొద్దుట్నుంచి కల్పిస్తున్నాను.

“గిది సేవ్ చేసినవా?”

“ఇంకా లేదండి.”

“మంచిగైంది,” అని కంప్యూటర్ ప్లగ్గు పీకేశారు.

మళ్ళీ తెరిస్తే తెల్ల పేజీ వచ్చింది.

“ఇగ ఆ లైను తీసెయ్. పరేషాన్ గాకు,” అంటూ సొరుగులోంచి ఒక నోట్‌బుక్ తీసి ఇచ్చారు. నా మీద అనుమానంతో, నేను మార్చిన ప్రతి పేజీనీ తేదీతో సహా రాసుకున్నారు. తప్పులకు ఎర్ర సిరా, ఒప్పులకు నీలం. నీలం నేననుకున్నదానికంటే ఎక్కువే ఉంది. ఎరుపూ నీలమూ రెండిటినీ ఉన్నదున్నట్టు అప్రైజల్‌లోకి ఎక్కించి పంపాను.

ఒక్క అబద్ధం కూడా లేని ఆ అప్రైజల్ చదివి మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“నిజం చెప్పు, ఇది నువ్వు రాసింది కాదు కదా?” అన్నాడు.