తోమా సైకిల్ పంపు

నారాయణఖేడ్‌లో ఓ ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్లు చూసే తోమా పొద్దున రాగానే చెప్పులు విడిచి, కౌంటర్ వెనక గదిలోని పాత సర్వర్ మీద అరచెయ్యి ఆనించేవాడు. పన్నెండేళ్ల రోగుల చీటీలన్నీ అందులోనే ఉండేవి. వేడెక్కితే సైకిల్ పంపుతో దుమ్ము ఊదేవాడు. ఇప్పుడు రెండు కొత్త సర్వర్లు, రెంటికీ ఉమ్మడిగా ఒక డిస్కుల పెట్టె వచ్చాయి. పాతదానిలో ఉన్నదంతా వాటిలోకి ఎక్కించాడు. ఒకటి ఆగినా రెండోది పని అందుకోవాలి. అందుకుంటుందో లేదో తెలియాలంటే నడుస్తున్నదాని కరెంటు తీగ పీకాల్సిందే.

“చీటీలు పోతే జనం నిన్నే తంతరు తోమా,” అంది కౌంటర్‌లోంచి హన్మమ్మ. “నిన్ను ఇడిసిపెడ్తరా అక్కా? జర స్క్రీన్ చూడు,” అని తీగ పీకాడు. స్క్రీన్ ఖాళీ అయింది. హన్మమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు నిమిషాలకు, ఎదుట నిలబడ్డ, మనూర్ నుంచి వచ్చిన ముసలాయన చీటీ ఎనిమిదేళ్ల కిందటి బీపీతో సహా తిరిగొచ్చింది. “వచ్చింది! ఇగ గా పాతదాన్ని బంద్ చెయ్యి,” అందామె. తోమా చేశాడు. మర్నాడు చెప్పులు విడిచి, అలవాటుగా దాని మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. మూలనున్న పంపు అందుకున్నాడు. “స్టోర్‌రూమ్‌కు పోయేదానికి గాలేంది?” హన్మమ్మ నవ్వింది. “దుమ్ముతోని పంపుతమా అక్కా?” అన్నాడు తోమా.