సముద్రపు గుహలో వచ్చిన జవాబు

దయ్యాల కబుర్లు మొదలుపెట్టేవాళ్లను అరుగు మీంచి లేపి పంపించే రకం నేను. నా పేరు మస్తాన్, పిడుగురాళ్లలో పురుగుమందుల కొట్టు నాది. దయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరేమనుకున్నా సరే.

రెండేళ్ల క్రితం ఒక మందుల కంపెనీ వాళ్లు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా మాల్టా తీసుకెళ్లారు. మధ్యధరా సముద్రంలో చిన్న దీవి అది. మూడో రోజు పొద్దున్నే సముద్రపు గుహలు చూడటానికి పడవల్లో బయల్దేరాం. మా పడవలో నేను, నా భార్య సైదాబీ, పర్చూరు డీలరు కోటేశ్వరరావు గారు, ఆయన భార్య, పడవ నడిపే ముసలాయన.

ఆ నీళ్ల రంగు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మిరప నారుకు కొట్టే మైలుతుత్తం నీళ్లలో కలిపితే వచ్చే నీలం, దానికి అడుగున దీపం పెట్టినట్టుంది. పడవ గుహలోకి దూరగానే ఆ వెలుగు పైకప్పంతా పాకుతోంది. సైదాబీ నోట మాట లేదు. ఆమె అంతసేపు ఊరుకోవడం పెళ్లయ్యాక నేను చూడలేదు. పైగా ఆ గోడలు మా ఊళ్లో దొరికే సున్నపురాయే. నాన్న క్వారీలో ఏళ్ల తరబడి పగలగొట్టిన రాయి ఇంత అందంగా కూడా ఉంటుందా అని నాకు కళ్లు చెమర్చాయి.

మధ్యాహ్నం ఒక పెద్ద గుహలో రాతి గట్టు కనబడితే నీడకు దిగాం. సైదాబీ గోడ పక్కన చాప పరిచి, కంపెనీ వాళ్లు కట్టించిన పులిహోర, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి తీసింది. నేను సరదాకి గులకరాయి తీసుకుని గోడ మీద గబగబా మూడు దెబ్బలు కొట్టాను.

నాన్న పనిచేసిన క్వారీలో అదొక పద్ధతి. కిందివాళ్లు అన్నానికి కూర్చునే ముందు రాతిగోడను పలుగుతో మూడుసార్లు కొడతారు. పైన కాపలా ఉన్నవాడు అంచున పగుళ్లు చూసుకుని, బాగుంటే రెండు దెబ్బలు కొడతాడు. ఒక్కో దెబ్బ ఆగి ఆగి వినబడిందంటే ఉన్నపళంగా బయటికి వచ్చేయాలి.

పైనుంచి జవాబు వచ్చింది. ఇనుము రాతికి తగిలిన చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి. మళ్లీ ఆగి, ఇంకొకటి. ప్రతిధ్వని అనుకుందామంటే నేను కొట్టింది గులకరాయితో. కోటేశ్వరరావు గారూ విన్నారు. "పైన ఎవరో పని చేస్తన్నారండీ" అన్నారు.

గులకరాయి పారేసి లేచాను. "లెగండి, అందరూ పడవెక్కండి" అన్నాను.

"అన్నం ముందు నుంచి లేపుతారేంటండీ" అంది సైదాబీ విసుగ్గా.

"తర్వాత తిడుదువుగాని, ముందు లెగు."

"మస్తాన్ గారికి పీతేదో కరిచినట్టుంది" అని నవ్వుకుంటూనే కోటేశ్వరరావు గారు ఎక్కారు. పడవ పది గజాలు వెళ్లిందో లేదో, పైకప్పు నుంచి మంచమంత బండ ఊడి చాప మీద పడింది. ముక్కలు దొర్లి పడి నీళ్లు మా మీదికి చిమ్మాయి.

బయటికొచ్చి పైకి చూశాం. నిట్టనిలువు కొండ, మనిషి కాలు పెట్టే చోటు లేదు. అక్కడెవరూ పని చేయరని ముసలాయన చేతులూపి చెప్పాడు.

మీకెట్టా తెలిసిందని ఆ సాయంత్రం సైదాబీ అడిగింది. క్వారీ పద్ధతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఇంకో సంగతి కూడా చెప్పాను.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఒకరోజు పైన కాపలా నాదే. కింద నాన్న మూడు దెబ్బలు కొట్టాడు. లారీ డ్రైవరుతో సినిమా కబుర్లలో పడి, అంచు వైపు కన్నెత్తి చూడకుండానే రెండు కొట్టాను. నన్ను నమ్మి ఆయన కూర్చున్నాడు. రాయి పడి కాలు తీసేయాల్సి వచ్చింది. "జవాబు రాకముందే కూర్చున్నా, తప్పు నాదే" అని చనిపోయేదాకా అందరికీ చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంత గొప్ప మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సైదాబీ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, "మరి అక్కడ పైన ఉందెవరండీ?" అంది.

ఆ రోజు నేను చూడకుండా కొట్టాను. మాల్టాలో నా కోసం ఎవరో చూసి కొట్టారు. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు.