ఒక లంకలో రెండు ఈలలు

ఆ రోజుల్లో మా కొల్లేటి లంకలో గోడగడియారం ఉన్న ఇల్లు మాదొక్కటే. అయినా దానితో ఎవరికీ పనుండేది కాదు, మా నాన్నగారి ఈల ఉండేది కనుక. తెల్లవారగానే ఒక ఈల. పిల్లలు బడికి రావడానికి ఒక ఈల. ఆదివారం మిషను గుడిగంట మోగాక కూడా ఇంకా జడలేసుకుంటూ కూర్చున్న ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా మరొకటి. ఈ కాలం పిల్లలకి ఇదంతా చెబితే "పాపం, ఎలా భరించారు నానమ్మా?" అని జాలిపడతారు. "భరించడమేమిటర్రా, ఆ ఈల వినపడకపోతే మాకు అన్నం సయించేది కాదు" అంటాను. అబద్ధమే లెండి. ఆ ఈలని కొల్లేట్లో పారేసే మార్గం కోసం మా అమ్మా నేనూ ఎన్నిసార్లు తలలు పట్టుకున్నామో ఆ దేవుడికే తెలుసు.

నాన్నగారు మీసం మొలిచీ మొలవగానే పటాలంలో చేరారు. మిషను బడిలో నేర్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుకుని బస్రా దాకా వెళ్లి, పెద్ద యుద్ధం చూసి, సిపాయిగా వెళ్లిన మనిషి సుబేదారుగా తిరిగొచ్చారు. ఆ హోదాలో పింఛను పుచ్చుకున్నవాళ్లు అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, మెడల్సు తుడుచుకుంటూ కాలక్షేపం చేస్తారు. ఈయనకి అది చేతకాలేదు. "ఎడారిలో నీళ్లు లేక చచ్చాం. ఇక్కడ నీళ్లుండి చస్తున్నాం" అంటూ ఊరి మీద పడ్డారు. కలరా రాకుండా ఇంటింటికీ తిరిగి నీళ్లు కాచారా లేదా అని కుండల్లో వేలు పెట్టి చూసేవారు (వేలు కాలితేనే ఆయనకి సంతోషం). పొలంనుంచి వచ్చిన పెద్దవాళ్లకి సాయంత్రాలు అక్షరాలు దిద్దించేవారు. గుడికి ప్రహరీ కట్టించారు. అన్నిటికన్నా ముఖ్యం గట్టు. వానాకాలం వచ్చిందంటే తమ్మిలేరూ బుడమేరూ పోటీ పడి కొల్లేట్లోకి దిగేవి. ఏటా ఎక్కడో ఒకచోట మా లంక గట్టుకి గండి పడేది. గండి పడిందనగానే ఎవరి ధాన్యం వాళ్లు, ఎవరి మేకలు వాళ్లు సర్దుకోవడానికి ఇళ్లకి పరుగెత్తేవాళ్లే తప్ప గట్టు దగ్గరికి వెళ్లేవాడుండేవాడు కాదు. "ఇది ఊరా, మందా?" అని నాన్నగారు ఊరందరికీ డ్రిల్లు మొదలుపెట్టారు.

మొదటిరోజు వరస కట్టించి పటాలంలో లాగే "అటెన్షన్!" అని గర్జించారు. వరసలో ఆయన మేనమామ ఉన్నాడు. పార కింద పెట్టేసి, "ఏరా, నిన్నీ భుజాల మీద మోశాను. నన్నే గదమాయిస్తావురా?" అని కళ్లనీళ్లు పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆయన్ని ఓదార్చడానికి సగం వరస ఆయన వెనకే వెళ్లింది. మిగిలిన సగం, ఓదార్చడం ఎంతవరకూ వచ్చిందో చూడ్డానికి వెళ్లింది. ఆ పూటంతా నాన్నగారు గుంజకి ఆనుకుని ఆలోచించారు. మర్నాడు మళ్లీ వరస కట్టించి, గొంతు సవరించుకుని, "అటెన్షన్ అండీ! కుడిపక్కకి తిరగండి మావయ్యగారూ. తమరు కూడానండీ బావగారూ. నువ్వూ తిరగరా అబ్బాయ్" అన్నారు. ఇలా అందర్నీ వరసలు పెట్టి పిలవడం పూర్తయ్యేసరికి ముందు తిరిగినవాళ్లు కాళ్లు పీకి ఎడంపక్కకి తిరిగేసేవారు. చివరికి అందరికీ కలిపి ఒకే 'అండీ' అని ఖాయమైంది. పని అయిపోయాక "డిస్మిస్ అండీ" అనేవారు. ఆ మాట వినపడేదాకా వరసలోంచి ఎవరూ కదలకూడదు. నిజంగానే కదిలేవారు కాదు. అంత మర్యాదగా అడిగాక కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

గండి పడితే మాత్రం పొడుగు ఈల. ఊపిరి అయిపోయేదాకా వేసే ఈల. అది వినపడితే ఎక్కడివాళ్లు అక్కడ వదిలేసి పారా తట్టా పట్టుకుని గట్టు మీదికి రావాలి. ఉత్తపుణ్యాన పొడుగు ఈల వేసినవాళ్లు శిక్షగా గట్టు మీద పది తట్టల మట్టి పోయాలని గుళ్లో అందరి ముందూ నిర్ణయమైంది. ఆ శిక్ష మొట్టమొదట పడింది ఎవరికనుకున్నారు? మా అమ్మకి! ఆరబోసిన ధాన్యం మీద బాతులు పడ్డాయని, మేకుకి వేలాడుతున్న ఈల తీసి అదిలించడానికి పొడుగ్గా ఊదింది. బాతులు కదల్లేదు గాని ఊరంతా పారలతో పరుగెత్తుకొచ్చింది. నాన్నగారు నేల చూపులు చూస్తూ "పది తట్టలండీ" అన్నారు. అమ్మ ఎప్పటిలాగే మెత్తగా, "అలాగేనండీ. పొయ్యి మీద అన్నం ఉంది, మీరు వార్చుకోండి మరి" అని తట్ట ఎత్తింది. గుడి అయ్యగారికి మనసు కరిగి, శిక్ష పడినవాళ్ల తట్టలు వాళ్లింటి మనుషులు పంచుకోవచ్చు, పైవాళ్లు మాత్రం ముట్టుకోకూడదు అని సవరణ చేయించారు. అలా అమ్మ తట్టల్లో సగం నేను మోశాను. (ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో పచ్చడి మెతుకులే. నాన్నగారు కిక్కురుమనలేదు.)

ఇక నా సంగతి. ఏలూరులో ట్రైనింగు ముగించి మా లంకలోనే మిషను బడిలో పంతులమ్మగా చేరాను. సంబంధాలు వచ్చేవి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట, "పెళ్లయ్యాక బడి మానేస్తుంది కదండీ?" అని. ఏలూరులో ఒకసారి టీచర్ల మీటింగులో తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన పొడుగాటి పంతులుగారొకాయన నా వెనక బెంచీలో కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరుగారి ఉపన్యాసం మీద నేను పక్కావిడ చెవిలో అన్న మాట విని ఫక్కున నవ్వి, అందరి ముందూ చీవాట్లు తిన్నారు. నా పేరు మాత్రం చెప్పలేదు. బయటికొచ్చాక, "మీరు బడి మానకండి, మానితే ఇన్‌స్పెక్టర్లు బాగుపడరు" అన్నారు. అదే మనిషి సంబంధం మాకు కబురొచ్చినప్పుడు నేను పైకి ముఖం ముడుచుకున్నాను గాని, లోపల మాత్రం ఇది కుదరకపోతే జన్మంతా పెళ్లి లేకుండా పంతులమ్మగానే ఉండిపోతానని ఒట్టు పెట్టుకున్నాను.

ఆయన తండ్రిగారు రైల్లో గార్డు. మనిషి నిలువెత్తు, కోపం అంతకు మించి. మర్యాద రవ్వంత తగ్గినా విస్తరి ముందునుంచి లేచిపోతారని ప్రతీతి. సెలవు దొరికేది వానాకాలంలోనే అని, సరిగ్గా కొల్లేరు నిండి తొణుకుతున్న రోజుల్లో బయల్దేరారు. ఆ రోజు పొద్దున్నే అమ్మ కొరమీను పులుసు పొయ్యి మీద పెట్టి, నాకు పట్టుచీర కట్టి, జడ అల్లుతోంది. వాళ్లు మధ్యాహ్నానికి గాని రారనుకున్నాం. రైలు మనిషి కదండీ, చెప్పిన వేళకన్నా ముందే వచ్చి దోనె దిగారు. రేవులో నరపురుగైనా లేదు. వర్షపు తుంపర. చూశారు, చూశారు. కోపమొచ్చి, జేబులోంచి ఈల తీసి, మెయిలు బండిని కదిలించినట్టు ఊపిరంతా కూడగట్టి పొడుగ్గా ఊదారు.

"గండి!" అంది అమ్మ. సగం అల్లిన జడతో, పట్టుచీరతో, తట్ట నెత్తిన పెట్టుకుని పరుగెత్తాను. మేం చేరేసరికి వరస తయారు. అయ్యగారు కూడా ఉన్నారు. నాన్నగారు గట్టు ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసి, చెక్కుచెదరలేదని తేల్చుకుని, ఎర్రబడ్డ కళ్లతో తిరిగి, "ఈల వేసిందెవరండీ?" అన్నారు.

రేవు వైపునుంచి గొడుగు కింద ఇత్తడి గుండీల కోటొకటి నడిచొచ్చింది. "నేనేనండీ! వచ్చి ఎంతసేపైంది! ఎదురురావడానికి ఒక్క మనిషీ లేడేమిటండీ మీ ఊళ్లో?" ఆ కోటు వెనకాల, బూట్లు చేత్తో పట్టుకుని, మోకాలిదాకా బురదతో మా పంతులుగారు.

తుపాకులకి ఎదురెళ్లిన మనిషి, మా నాన్నగారు, తెల్లబోయారు. వరసలోంచి మేనమామ తాతయ్య పొడి దగ్గు దగ్గి, "ఏరా అబ్బాయ్, పెళ్లాం చేత మోయించావు. ఈయన చేతా మోయించు మరి" అన్నాడు. నాన్నగారు కాళ్లు దగ్గరగా చేర్చి సెల్యూటు కొట్టారు. "నమస్కారమండీ బావగారూ. తమరు దయచేయడం మా అదృష్టమండీ. తమరు పది తట్టల మట్టి మోయాలండీ."

"ఏమిటీ?"

రూలు చెప్పారు నాన్నగారు. గార్డుగారి ముఖం సిగ్నలు దీపంలా ఎర్రబడింది. "వియ్యానికొచ్చినవాడికి ఎక్కడైనా కాళ్లు కడుక్కోడానికి నీళ్లిస్తారు. మీ ఊళ్లో మట్టిస్తారా? నేను ఈల వేస్తేగాని మెయిలే కదలదు, తెలుసా? పదరా అబ్బాయ్!" అని దోనెవాణ్ణి పిలిచారు. దోనెవాడు వరసలో నిటారుగా నిలబడి ఉన్నాడు.

"వచ్చేదెలాగండీ? సుబేదారుగారు డిస్మిస్ అండీ అనలేదు కదండీ."

"ఈల వేసింది నేనని నీకు తెలుసు కదయ్యా! నా పక్కనే ఉన్నావు!"

"ఎవరేస్తే ఏంటండీ, పొడుగు ఈల పొడుగు ఈలే కదండీ."

అమ్మ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. "కోప్పడకండి అన్నయ్యగారూ. ఏవండీ, ఇంటికొచ్చిన చుట్టమండీ ఆయన. ఈ ఒక్కసారికీ రూలు పక్కన పెడితే ఏం పోతుందండీ?"

"నీ చేత మోయించాను కదా" అన్నారు నాన్నగారు నెమ్మదిగా. "చుట్టమని ఈయన్ని వదిలేస్తే, రేపు నిజంగా గండి పడిన రోజు నా మాట మీద ఎవరొస్తారు?" ఆ మాటంటూ నా వైపు చూశారు. నా ఒట్టు సంగతి అమ్మకొక్కదానికే చెప్పాను. నా మనసులో ఉన్న సంగతి అమ్మ ఆయనకెప్పుడో చేరేసిందని ఆ చూపుతో తెలిసింది. నాకు నాన్నగారి మీద ఎంత జాలేసిందో, అంత ఒళ్లు మండింది. రెండు ఈలల మధ్య నా పెళ్లి నలిగిపోతోందే, ఇద్దరిలో ఒక్కరికైనా పట్టిందా!

వంగి తట్ట నింపాను. నెత్తికెత్తుకుని గట్టెక్కి మట్టి పోశాను. రెండో తట్ట నింపుతుంటే నాన్నగారు కంగారుగా, "అమ్మాయ్, ఆయన తట్టలు ఆయనింటి మనుషులే మొయ్యాలి. నువ్వు ఎవరింటి మనిషివని మోస్తున్నావు?" అన్నారు. పాపం, ఆయన రూలు సంగతే అడిగారు. ఏం అడిగారో అన్నాక గాని ఆయనకే తట్టలేదు.

నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా సరే అనుకుని, "ఆ సంగతి తేల్చడానికే కదండీ వాళ్లు దోనెక్కి వచ్చింది? మీరు తేల్చుకునేలోపు నేను మోస్తుంటాను" అన్నాను.

మా పంతులుగారు బూట్లు రేవు అంచున పెట్టి, వరసలో ఎవరి చేతిలోదో తట్ట అందుకుని నా వెనకే వచ్చారు. (ఆ బూట్లలో ఒకటి కొల్లేరు పట్టుకుపోయింది. పెళ్లికి అరువు బూట్లు వేసుకున్నారు, కుంటుకుంటూ నడిచారు.) అలా ఇద్దరం కొన్ని తట్టలు పోశాం. అప్పుడు వెనకనుంచి ఉరిమినట్టు ఒక గొంతు. "ఆగమ్మా!"

గార్డుగారు గొడుగు మూసేశారు. "సుబేదారుగారూ! మా కోడలి చేత మట్టి మోయించడానికి మీరెవరండీ?" అని, కోటు విప్పి దోనెవాడికి ఇవ్వబోయారు. వాడు అటెన్షన్లో ఉన్నాడు కనక అందుకోలేదు. అమ్మ అందుకుంది. ఆ మనిషి నా నెత్తిమీది తట్ట లాక్కుని, మిగిలినవన్నీ తనే మోశారు. రొప్పుతూ వచ్చి నిలబడి, "ఇంక చాలా?" అన్నారు.

నాన్నగారు కళ్లు తుడుచుకుంటూ, "ఇంకొక్కటుందండీ బావగారూ" అన్నారు.

అదీ మోశాక "డిస్మిస్ అండీ!" అని నాన్నగారు పెట్టిన కేక నాకింకా చెవుల్లో ఉంది. కొరమీను పులుసు మాడి బొగ్గయింది. గార్డుగారు, అంటే ఇక మా మావయ్యగారు, అదే అన్నంలో కలుపుకుని, "బాగుందమ్మా చెల్లెమ్మా" అని మారడిగారు. విస్తరి ముందునుంచి లేవలేదు. సాయంత్రానికి అయ్యగారు ప్రార్థన చేసి ప్రధానం జరిపించారు. బడి మానక్కర్లేదనీ, తాడేపల్లిగూడెంలో కూడా పిల్లలున్నారనీ మావయ్యగారే అన్నారు. ఆ వానాకాలం చివర్లో నిజంగానే ఒకరోజు పొడుగు ఈల మోగింది. ఊరంతా వచ్చింది, గట్టు నిలిచింది. వచ్చినవాళ్లలో ఒక్కరూ ఈల ఎవరిదని అడగలేదు.

నాన్నగారు పోయింది కూడా వానాకాలంలోనే. సమాధి దగ్గర అయ్యగారు ఆఖరి ప్రార్థన ముగించారు. ఊరందరూ ఎవరూ చెప్పకుండానే గట్టు పొడుగునా వరస కట్టి ఉన్నారు. ఎవరూ కదలరు. చినుకులు మొదలయ్యాయి, అయినా కదలరు. అమ్మ వచ్చి, "ఇంక ఇళ్లకి వెళ్లండి నాయనా, తడిసిపోతున్నారు" అంది. ముసలివాడైపోయిన దోనెవాడు చేతులు నలుపుకుంటూ, "ఆ మాట ఎవరూ అనలేదు కదమ్మా" అన్నాడు. మావయ్యగారి చెయ్యి కోటు జేబులోకి వెళ్లి, ఈలని తడిమి, మళ్లీ ఖాళీగా బయటికొచ్చింది. నా దగ్గరికి వచ్చి మెల్లిగా, "నువ్వే అనాలమ్మా. ఆ ఇంటి మనిషివి" అన్నారు.

ఎలా అన్నానో నాకే తెలియదు. మాట సగమే పైకొచ్చింది. "డిస్మిస్ అండీ." వరస కదిలింది.

ఇప్పుడు సెలవులకి మనవలూ మనవరాళ్లూ వచ్చి నా గది నిండా చేరతారు. పొద్దుపోయినా కబుర్లు ఆపరు. అప్పుడు నేను ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుని, నాన్నగారిలా నిటారుగా కూర్చుని, "డిస్మిస్ అండీ!" అంటాను. పకపకా నవ్వి ఇంకాస్త దగ్గరికి జరుగుతారే తప్ప ఒక్కరూ లేవరు. నాన్నగారి గొంతు నాకెక్కడిది? వాళ్లు లేస్తారేమోనని ఆ మాట మరీ గట్టిగా అనను కూడా లెండి.