కొండ రేస్‌కి మెకానిక్‌గా వెళ్ళాను

అమెరికాలో, చాండ్లర్‌లో మా పక్కింటి పెద్దాయన రోజూ పొద్దున్నే గరాజ్ తలుపెత్తి ఒక పాత మోటార్‌సైకిల్‌ని తిట్టేవాడు. ముందు కిక్ కొట్టిన చప్పుడు, వెనకే ఓ తిట్టు, మళ్ళీ కిక్, ఈసారి ఇంకా పెద్ద తిట్టు. వంటింటి కిటికీలోంచి పదిరోజులు విన్నాను. పదకొండో రోజు ఇక నావల్ల కాలేదు. స్టవ్ కట్టేసి వెళ్ళాను.

"అంకుల్, అలా బాదితే గాడిద కూడా కదలదు" అన్నాను, నా ఇంగ్లీషుకి చేతనైనంత మర్యాదగా.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చూడడూ మరి! నలభై ఐదు కిలోల మనిషిని, చేతిలో ఇంకా గరిటె ఉంది.

ఆయనకేం తెలుసు, మా నాన్నది తెనాలిలో మెకానిక్ షెడ్డని? బుల్లెట్ బళ్ళకి ఆయన పెట్టింది పేరు. బండి కొనడానికొచ్చినవాళ్ళు "కిక్ బరువుగా ఉందండీ" అని నసిగితే నాన్న నన్ను కేకేసేవాడు. రెండు జడల పిల్ల ఒక్క తన్నుతో స్టార్ట్ చేస్తే ఇంక వాళ్ళు బేరానికి దిగేవాళ్ళు. "బండికి కావాల్సింది బలం కాదే, అదను" అనేవాడు నాన్న. అమ్మ మాత్రం నా నూనె చేతులు చూసి తల బాదుకునేది.

పెద్దాయనది ఇంగ్లండ్‌లో తయారైన బండి. అయితేనేం, మా షెడ్డు బళ్ళకి పెదనాన్న వరస. కిక్ రాడ్ మీద కాలు పెట్టి మెల్లగా నొక్కాను. ఒకచోట గట్టిగా అడ్డం తగిలింది. హ్యాండిల్ కింద, ఇంజన్‌లో బిగిసిన గాలిని వదిలే చిన్న లీవర్ నొక్కి, రాడ్‌ని ఒక్క అంగుళం దాటించి, లీవర్ వదిలేశాను. రాడ్‌ని మళ్ళీ పైదాకా రానిచ్చి, అలవాటుగా "పద తల్లీ" అని ఒక్కటి తన్నాను.

డుగ్గుడుగ్గుమంటూ లేచింది. పెద్దాయన అక్కడే స్టూల్ మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత తన కథంతా చెప్పాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఆ బండిమీదే కొండ రేస్‌కి వెళ్ళాడట. రోడ్డు మూసేసి, కింద నుంచి శిఖరం దాకా ఒక్కొక్కరినే వదిలే పోటీ. ఆ రోజుల్లో రేసు బళ్ళకి కిక్ ఎవరు కొట్టేవాళ్ళు? బండిని తోసుకుంటూ పరుగెత్తి ఎక్కేసేవారు. ఈయన బాగానే వెళ్ళాడు కానీ ఆఖరి వంపులో ఇంజన్ ఆగిపోయింది. ఎత్తుమీద తోస్తే బండి స్టార్ట్ అవుతుందా? రోడ్డు పక్కన నిలబడి, తనని దాటిపోయేవాళ్ళందరినీ చూశాడు.

"శిఖరం అక్కడే కనబడుతోంది. రాయి విసిరితే తగిలేటంత దూరం" అన్నాడు.

ఇప్పుడు అదే కొండమీద పాత బళ్ళకి ఏటా రేసు పెడుతున్నారట. ఆయన భార్య ఒకటే మాట చెప్పింది. వెళ్ళేది ఈ ఒక్కసారే, శిఖరం చేరినా చేరకపోయినా వచ్చాక బండి అమ్మేయాలని. ఆయనకి కుడి మోకాలు ఆపరేషనైంది. పరుగెత్తలేడు, కిక్ సరిగ్గా కొట్టడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

నేర్పుతానన్నాను. రెండు నెలలు నేర్పాను. అబ్బ, ఎంత మొండిఘటమో! అడ్డం తగిలేదాకా ఆగకుండా ఎగిరి తన్నేవాడు. "బండిమీద కోపం దేనికి అంకుల్, బతిమాలండి" అని నేనూ అరిచేదాన్ని. పాఠం అయ్యాక పెరట్లో చెట్టునుంచి ఓ సంచీడు పంపరపనసలు కోసి ఇచ్చేవాడు.

ఆ సంచీ చూసి మా ఆయన బెంబేలెత్తిపోయాడు. మాది హెచ్-వన్, హెచ్-ఫోర్ కాపురం, అంటే ఆయనది ఉద్యోగం వీసా, నాది ఆ వెనకే వచ్చిన భార్య వీసా. హెచ్-ఫోర్ భార్యలకి వర్క్ పర్మిట్ ఇచ్చే రోజులు ఇంకా రాలేదు.

"పళ్ళు తీసుకున్నా జీతం తీసుకున్నట్టే, కాంపెన్సేషన్ అంటారే. రేపు వీసా స్టాంపింగ్‌లో అడిగితే ఏం చెప్తావ్?"

"పులుపు ఎక్కువైందని చెప్తా."

"నవ్వులాట కాదు. అటార్నీని అడుగుతానుండు."

అడగలేదు లెండి, అటార్నీ ఫీజు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

రేసు రోజు పెద్దాయన, మా ఆయన, నేను, ముగ్గురం ఉత్తరాన కొండల్లోకి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. గేటు దగ్గర పెద్దాయన ఫారం నింపి నా మెడలో ఓ కార్డు వేశాడు. దానిమీద 'మెకానిక్' అని ఉంది. మా ఆయన మొహం పాలిపోయింది. నేను మాత్రం ఆ కార్డు తిప్పి తిప్పి చదువుకున్నాను. ఈ దేశం వచ్చిన నాలుగేళ్ళలో ఎవరైనా "మీరేం చేస్తుంటారు" అని అడిగితే "ఏం లేదండీ" అనే చెప్పాను.

"కింద నువ్వు కొట్టు. పైన అవసరమైతే నేను కొట్టుకుంటా" అన్నాడు పెద్దాయన.

ఒక్క తన్ను తన్నాను. జెండా ఊపారు, ఆయన కదిలాడు.

కింద నుంచి ఏమీ కనబడదు, వినాలంతే. బండి వంపు తిరిగినప్పుడల్లా చప్పుడు కొండ వెనక్కి పోయేది, మళ్ళీ పైన ఇంకోచోట తేలేది. మొత్తం పదకొండు వంపులని ఆయన చెప్పాడు. వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాను. పది అయ్యాయి. పదకొండోది మొదలైంది.

చప్పుడు ఆగిపోయింది.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేను మెడలో కార్డు పట్టుకున్నాను. దేవుడా, మళ్ళీ అక్కడేనా! నా పాపిష్టి చెవులకి గాలి తప్ప ఏమీ వినబడటం లేదు. ఎంతసేపో తెలియదు. అప్పుడు ఒకసారి దగ్గినట్టు వినిపించింది. తర్వాత డుగ్గు, డుగ్గు, డుగ్గు. నేను గట్టిగా ఏడ్చేశాను, సిగ్గేం లేదు. కాసేపటికి మైకులో ఆయన నంబర్ చదివారు, శిఖరం చేరాడని. అందరికన్నా ఆఖరున.

మధ్యాహ్నానికి కుంటుకుంటూ, మొహమంతా నవ్వుతో దిగొచ్చాడు.

"సరిగ్గా ఆ వంపులోనే ఆగింది" అన్నాడు.

"తిట్టారా?"

"లేదు. కాలితో అడ్డం వెతికాను, దాటించాను, కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. రాలేదు. అప్పుడు నువ్వు చేసేదొకటి వదిలేశానని గుర్తొచ్చింది."

ఏంటది అన్నాను.

పెద్దాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, వచ్చీరాని తెలుగులో, ఎంతో జాగ్రత్తగా "పద తల్లీ" అన్నాడు.