సంచి మీది చిలుక

మా నాయినకు మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉండేది. ఆయన లెక్కలో హైదరాబాదుకు పోయేవి రెండే: బియ్యం, కోర్టు కాగితాలు. ఆ రెండింటిలోనూ చేరని నేను, అరవైల్లో ఒక ఎండాకాలం, టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూకు రమ్మన్న ఉత్తరం పట్టుకొని ఆయన ముందు నిలబడ్డాను.

"యాసంగి వడ్లు మిల్లు నిండ పడ్డయ్, నేను రాలేను. ఒక్కదానివే పోయి రా. సక్కగ పోయొస్తే ఆడ హాస్టల్ల ఉంటవని నమ్ముత. ఆగమైతే మాత్రం ఇగ చదువు మాట ఎత్తొద్దు."

"పిల్లను పంపుతున్నవా, బస్తాను పంపుతున్నవా?" అంది నాయనమ్మ.

"బస్తాకైతే ఇంత పరేషానెందుకమ్మా? దాని నోరు కుట్టి పంపుతం."

నా నోరు కుట్టలేదన్న మాటే గానీ, తక్కిన ఏర్పాట్లన్నీ బస్తావే. హైదరాబాదు గంజిలో, అంటే ధాన్యం బజారులో, మా బియ్యం దించే పెద్ద హమాలీ బస్టాండుకు వచ్చి నన్ను కాలేజీకి చేర్చాలి. ఆయన నన్నెప్పుడూ చూడలేదు, చదువు రాదు. ఆయనకు తెలిసిందల్లా మా బస్తాల మీది ఎర్ర చిలుక. అందుకని మిల్లులో బస్తాలు కుట్టే తాత, రేకు అచ్చు పెట్టి నా కాన్వాసు సంచికి ఒక వైపు చిలుకను దించాడు. 'సంచి మీద చిలుక ఉంటది' అని నాయిన లారీ డ్రైవరుతో కబురంపాడు. నాకింకా మార్కులు రానేలేదు, మార్కా మాత్రం వచ్చేసింది.

తెల్లవారి బస్సులో నా పక్కన తోలుపెట్టె పెట్టుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. ఆమె చూపు చిలుక మీద పడగానే నాకు సిగ్గేసి, దాన్ని మోకాలి వైపు తిప్పేశాను.

పదిన్నరకు హైదరాబాదులో దిగాను. ఇంటర్వ్యూ పన్నెండింటికి. నన్ను వెతుకుతున్న మనిషి కోసం నేను వెతుకుతూ నిలబడ్డాను. పది అడుగుల దూరంలో, ఎర్ర తువ్వాల చుట్టుకున్న ఒక ముసలాయన ఎవరి ముఖమూ చూడకుండా అందరి సంచులే చూస్తున్నాడు. దొంగే, సందేహం లేదనుకున్నాను. ఆయన ఇటు తిరిగినప్పుడల్లా సంచిని, చిలుకతో సహా, గుండెకు మరింత గట్టిగా అదుముకున్నాను. అంత తెలివైనదాన్ని మరి.

పదకొండున్నరయింది. ఎవరూ రాలేదు. ట్రైనింగూ లేదు, హాస్టలూ లేదు, వచ్చిన బస్సే ఎక్కి పోదామనుకొని, కళ్లు తుడుచుకోవడానికి సంచిని కింద పెట్టాను.

"ఓ చిలకా!" అని ఒక కేక. ఎర్ర తువ్వాలాయన ఉరుకుతూ వచ్చాడు. "మిర్యాలగూడ సేటు బిడ్డవేనా?"

"నువ్వు... మా హమాలీ తాతవా?"

"మరెవర్ననుకున్నవ్? దొంగననుకున్నవా?"

నేను తల దించుకున్నాను.

"నీ మొకం నాకేం ఎరుక బిడ్డా? నాకెరుకైంది చిలక. దాన్ని నువ్వు పొట్టల దాసుకుంటే నేనెట్ల గుర్తుపట్టాలె? ఏడ్వకు, యాళ్లయితంది, నడువు!"

నన్ను రిక్షాలో కూర్చోబెట్టి, పక్కన కూర్చోమంటే "ఇద్దరి బరువైతే లేటయితది" అని వెంట పరుగెత్తాడు. కాలేజీలో నా పేరు పిలుస్తుండగా గుమ్మం దాటాను. బయటికి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర చెట్టు నీడన కూర్చొని ఉన్నాడు. నాకు చాయ్ తాగించి, తిరుగు బస్సు ఎక్కించి, డ్రైవరుకు నాలుగుసార్లు అప్పగింతలు పెట్టి పోయాడు.

వారం తర్వాత లారీ డ్రైవరు హమాలీ తాత మాట మోసుకొచ్చాడు. నాయిన మీసాల్లో నవ్వుకుంటూ ఇంట్లోకి వచ్చాడు.

"బస్సు దిగంగనే నువ్వే పోయి పలకరించినవట గద! శాన హుషారని చెప్పి పంపిండు. ఇగ నాకు ఫికరు లేదు."

నేను నోరు మెదపలేదు, కుట్టిన బస్తాలాగే. నేను దాచిన చిలుకను హమాలీ తాత కనిపెట్టాడు. నా తప్పును మాత్రం ఆయనే దాచిపెట్టాడు. ఆ ఒక్క మాట దయవల్లే నాకు హాస్టలూ, ఆ తర్వాత నేను టీచరునైన బడీ, ఆ బడి పిల్లలూ దక్కారు.

సీటు వచ్చి హాస్టలుకు బయలుదేరే ముందు, బస్తాలు కుట్టే తాతను బతిమాలి సంచికి రెండో వైపు కూడా చిలుకను వేయించుకున్నాను.