పిల్లల మోపు

మొన్న గీదం సంతలో ఉల్లిగడ్డల కుప్పలకీ ప్లాస్టిక్ బిందెల దుకాణానికీ నడుమ ఓ ముసలమ్మ పాత సీసాల్లో ఇప్పనూనె పోసుకుని అమ్మకానికి కూర్చుంది. నేను ఆగానో లేదో, మూత తీసి సీసాను నా ముక్కు కిందికి తెచ్చింది. ఆ జిడ్డు వాసన, మగ్గిన వాసన, దానిమీద కాస్త పొగచూరిన కమురు ఒక్కసారిగా తగిలేసరికి, అరవై దాటి మనవల్ని ఎత్తుకున్న నన్ను తీసుకుపోయి కొంటా దగ్గరి మా పల్లెలో ఒక చింతచెట్టు నీడన కూలేసింది. ఆ నూనె నా ఒంటికి రాసిన చేయి మా అమ్మది. నా ఒక్కదాని ఒంటికే కాదు, ఊళ్లో నా ఈడు పిల్లలందరి పగిలిన మడమలకూ, చిక్కుపడ్డ జుట్టుకూ ఆ చేయే రాసింది. ఇది గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోండి. మా అమ్మ గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

బస్తరు రాజ్యం దేశంలో కలిసిపోయిన చాలా ఏళ్లకు పుట్టినదాన్ని నేను. అయినా మా ఊళ్లో పెద్దవాళ్లు సర్కారు మనిషి ఎవరొచ్చినా ‘రాజుగారి మనిషి వచ్చిండు’ అనే అనేవాళ్లు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లీ, సంతకెళితే హల్బీ, ఖాకీ చొక్కా కనిపిస్తే వచ్చీరాని హిందీ. అన్నీ ఒకే నోటితో మాట్లాడేవాళ్లం, ఏది ఏ భాషో అప్పట్లో మాకు తెలియనే తెలియదు. ఎండాకాలం తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరుకోవడం, తునికి పండ్లు తిని పెదాలు అంటుకుపోవడం, వానలు పడగానే వెదురు కొమ్ముల కూర, కొత్తల పండగనాడు కొత్త బియ్యం అన్నం ఆకులో పెట్టి, తాత మొదటి ముద్ద నోట పెట్టుకునేదాకా ఆవురావురుమంటూ గుడ్లప్పగించి కూర్చోవడం, చలికాలం పొయ్యి చుట్టూ చేరి కాల్చిన కందికాయలు ఒలుచుకోవడం. లేనితనం ఉండేది, ఎందుకుండదు! కానీ తినే పూట పదిమందిమి కూర్చుని తినేవాళ్లం.

నాట్ల కాలంలో ఆడవాళ్లదంతా ఒక జట్టు. ఇవాళ ఒకరి మడి, రేపు ఇంకొకరి మడి. జట్టులో ఒకామె మాత్రం బురదలో దిగదు. చంటిపిల్లలనూ, చిన్నపిల్లలనూ అందర్నీ ఒకచోట పెట్టుకుని చెట్టుకింద కూర్చుంటుంది. ఆమె కూడా నాటేసిన మనిషి కిందే లెక్క. ఇవాళ ఎందరొచ్చారని అడిగితే ఆమెను కలుపుకునే చెప్పేవాళ్లు. కోతలయ్యాక ప్రతి మడిలోనూ ఆమె కోసం ఒక వరిమోపు కట్టేవాళ్లు, దాని పేరే పిల్లల మోపు. ఆ మోపును ఆమె ఎత్తకూడదు. పిల్లల తల్లులే నెత్తిన పెట్టుకుని, పాట పాడుకుంటూ వెళ్లి ఆమె వాకిట్లో దించి రావాలి. ఆమె చేతులు బిడ్డల్ని ఎత్తేవి, వాటితో మోపు ఎత్తించకూడదని ఆచారం. ఎవరైనా మోపు సన్నగా కట్టారా, మా పక్కింటి కన్నమ్మత్త ఊరుకునేది కాదు. ‘ఇగో, నీ పోరడు సన్నగ ఏడుస్తడా? మోపు ఎందుకు సన్నగ కట్టినవ్?’ అని వీధిలో నిలబెట్టి కడిగేసేది. ఆమె నోటికి జడిసి మా తాతే కాదు, ఊరి పటేలు కూడా పక్క సందులోంచి పోయేవాడు.

మా అమ్మ ముత్తమ్మ నాట్లలో ఊరికే పెద్ద చేయి. ఆమె నారు పట్టి వంగితే మళ్లీ గట్టు తగిలేదాకా నడుమెత్తేది కాదు. అలాంటిది, పిల్లల్ని పట్టుకునే గంగవ్వకు చూపు మసకబారడంతో, నా తమ్ముడు ఇంకా పాలు తాగుతుండడంతో, జట్టంతా కలిసి అమ్మను చెట్టుకింద కూర్చోమన్నారు. మొదట మొహం చిన్నబుచ్చుకుంది. కానీ ఏ పని పట్టినా సగం చేసే మనిషి కాదు. పొద్దున్నే చెట్టుకింద ఊడ్చి, చుట్టూ బూడిదతో గీత గీసేది, చీమలు లోపలికి రాకుండా, మేం బయటికి పోకుండా. కొమ్మలకు పాతచీరల ఉయ్యాలలు కట్టేది. పాకే పిల్లల నడుముకు మెత్తని గుడ్డ కట్టి రెండో కొస తన కాలికి ముడేసుకునేది. ఏ పిల్ల ఏడిస్తే ఆ పిల్ల ఇంటి భాషలో జోకొట్టేది. తల్లి దూరపు మడిలో ఉండి, బిడ్డ ఆకలికి గుక్కపెడితే తన రొమ్మే ఇచ్చేది. తమ్ముడితోపాటు అమ్మ పాలు తాగిన వాళ్లు ఊళ్లో ఎందరో, ఇవాళ్టికీ వాళ్లు నన్ను అక్కా అనే పిలుస్తారు. మేం కాస్త పెద్దపిల్లలం చింతగింజలాట ఆడుకుంటూ, సొరబుర్రలోని జావ వంతులవారీగా తాగుతూ, ఆ బూడిద గీత లోపలే ఒక రాజ్యం ఏలేవాళ్లం.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. మడులు నెర్రెలిచ్చాయి. నాట్లు లేకపోతే కోతలెక్కడివి, కోతలు లేకపోతే మోపు ఎక్కడిది? గాదె అడుగు ఊడ్చి వండుకునే రోజులొచ్చాయి. అప్పుడు సర్కారు కరువు పని పెట్టింది. ఊరి పక్కనుంచి రోడ్డు. మగవాళ్లు గుంతలు తవ్వాలి, ఆడవాళ్లు తట్టలతో ఆ మట్టి మోసి రోడ్డు మీద పోయాలి. ఆడకూలీలను అక్కడ రేజాలనేవాళ్లు, రేజా కూలి మగవాడి కూలికంటే ఎప్పుడూ తక్కువే. పని చూసే మున్షీ ఎక్కడో పైనుంచి వచ్చిన మనిషి, తెలుగూ హిందీ కలగలిపి మాట్లాడేవాడు. మొదటిరోజు రేజాలు ఎందరని అడిగితే కన్నమ్మత్త నాట్లకు చెప్పినట్టే, రోడ్డు పక్క చింతచెట్టు కింద పిల్లల్ని పట్టుకుని కూర్చున్న అమ్మను కూడా కలిపి చెప్పింది. అందులో దాచిందేమీ లేదు, ఎవర్నీ అడిగిందీ లేదు. చెట్టుకింద మనిషిని వదిలేసి చెప్పడం అనేది ఆమె బుర్రకు తట్టే సంగతే కాదు.

కొన్నాళ్లకు మున్షీ తట్టల వరస చూసుకుంటూ వచ్చి, ఒక తట్ట తక్కువైందని వెతికి, చెట్టుకింద అమ్మను చూశాడు. ఒళ్లో కన్నమ్మత్త కూతురు పాలు తాగుతోంది.

‘ఏయ్ బాయీ! ఛాయలో కూర్చొని మజ్దూరీ తీసుకుంటవా? ధోఖా! కామ్‌చోర్!’ అని అందరూ వినేలా అరిచి, పేరు కొట్టేశానన్నాడు.

కామ్‌చోర్ అంటే ఏమిటో మాలో చాలామందికి తెలియదు, కానీ చోర్ అంటే తెలుసు. మా అమ్మ దొంగ! ఆ సాయంత్రం ఆమె జొన్న గటక వండింది, అందరికీ పెట్టింది, తాను మాత్రం తినలేదు. నాకు మున్షీ జుట్టు పట్టుకుని పీకాలనిపించింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదంటే నమ్మండి.

పొద్దు గూకాక మా వాకిట్లోనే ఊరంతా చేరింది. ఇవాళ పెద్ద పెద్ద సభల్లో జరిగే వాదన అంతా ఆ రోజు మా వాకిట్లో జరిగిందనే నేనంటాను. మా నాయినే మొదలుపెట్టాడు.

‘ఆడోళ్లు ఇంట్ల ఉండి పిల్లల్ని సూస్కుంటె అయిపాయె గదా! మేం తెస్తలేమా?’

‘ఏం తెస్తవయ్యా ఎర్రన్నా? ఈ కరువుల ఒక్కని కూలి ఇంటికి ఏ మూలకు సాల్తది?’ అంది కన్నమ్మత్త.

వెనకనుంచి ఎవరో మగాయన, ‘కూసొని తింటె కొండలు గూడ కరుగుతయ్’ అన్నాడు. నలుగురు నవ్వారు. అమ్మ అప్పటిదాకా గోడకానుకుని ఉంది. లేచి నిలబడి, నవ్విన వాళ్ల వంక చూసింది.

‘మంచిది. రేపు నేను గూడ తట్ట ఎత్తుత. ఎవల పిల్లల్ని ఆళ్లే తోల్కరండ్రి.’

అంతే. మర్నాడు మమ్మల్ని పట్టుకునే వాళ్లు లేరు. బూడిద గీత లేదు, ఉయ్యాల లేదు. ఇక మా ఇష్టారాజ్యం! వాళ్లకు చుక్కలు చూపించాం. పోసిన మట్టికుప్పల మీదనుంచి జారాం, తట్టలు బోర్లించి వాటిమీద దరువులేశాం. పాకే పిల్లలు మన్ను బుక్కి దగ్గుతున్నారు, తల్లులు తట్ట దించి పరుగెత్తుకొస్తున్నారు, తట్టలు రాక మగవాళ్ల గుంతల్లో మట్టి పేరుకుపోతోంది. మున్షీకి తలప్రాణం తోకకొచ్చింది. ఆ గొడవలో నా తమ్ముడు ఎప్పుడు పాకుతూ వెళ్లాడో, నాయిన గుంతలోకి జారి సరిగ్గా ఆయన కాళ్ల దగ్గర చేరాడు. నాయిన పార ఎత్తి ఉన్నాడు. నేను అరిచాను. పార దిగింది, తమ్ముడి పక్కన మట్టిలో దిగింది.

నాయిన పార పడేశాడు. పిల్లవాణ్ని రొమ్ముకు అదుముకుని గుంతలోంచి పైకొచ్చాడు. నెత్తిన తట్టతో నిలబడిపోయిన అమ్మ దగ్గరికెళ్లి, తట్ట తానే దించి, బిడ్డను చేతికిచ్చాడు.

‘పో, సెట్టు కిందికి పో. ముందు నీ పని, ఎనక మా పని’ అన్నాడు.

ఆ మాట మీదే ఉండి, మున్షీ దగ్గరికెళ్లి అమ్మ పేరు మళ్లీ ఎక్కించమని అడిగాడు. మున్షీకీ ఆ పూట బుద్ధొచ్చింది గానీ, పిల్లల్ని పట్టుకోవడం అనే పని కానూన్‌లో లేదన్నాడు. పోనీ, పానీవాలీ అని, అంటే నీళ్లు పోసే మనిషని పేరు ఎక్కిస్తాను, కూలి తీసుకుని గమ్మునుండండి అన్నాడు. నాయిన మొహం విప్పారింది. అమ్మ ఒప్పుకోలేదు.

‘నిజం జెప్తె దొంగ అన్నరు. ఇప్పుడు అబద్ధం జెప్తె కూలి ఇస్తరా? నేను నీళ్లు పొయ్యలే, పిల్లల్ని పట్టిన. అట్ల పిలిస్తె తీసుకుంట, లేకుంటె వద్దు.’

‘ఏంది నీ పంతం! ఏ పేరైతె ఏంది, కూలి వస్తది గదా!’ అని నాయిన తల బాదుకున్నాడు. ఇంట్లో జొన్నలు అడుగంటిన మాట నిజమే, ఆయన బాధా అబద్ధం కాదు. కానీ అమ్మ చెట్టుకింద మళ్లీ బూడిద గీత గీసుకుని, కూలి లేకుండానే కూర్చుంది.

కూలి పంచిన రోజు అమ్మ పేరు పిలవలేదు. ఆ సాయంత్రం కూలి డబ్బుతో సంతలో జొన్నలు కొనుక్కొచ్చిన ఆడవాళ్లెవరూ ఇళ్లకు పోలేదు. అందరూ తలా ఇన్ని జొన్నలు ఒక గంపలో పోసి, కన్నమ్మత్త దాన్ని నెత్తిన పెట్టుకోగా, కోతలనాటి పాటే పాడుకుంటూ మా వాకిట్లోకి వచ్చి దించారు. మున్షీ తిట్టినప్పుడు ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది. నాయిన తల ఎత్తలేకపోయాడు. మగవాళ్లకంటే తక్కువ కూలి తెచ్చుకున్న ఆడవాళ్లు అందులోంచే ఇంకొక మనిషికి పంచుతుంటే, నిండు కూలి జేబులో పెట్టుకుని నిలబడ్డ ఏ మగవాడికైనా తల ఎట్లా లేస్తుంది?

తర్వాత మున్షీకి పైవాడైన ఓవర్సీర్ జీపులో పని చూడ్డానికి వచ్చినప్పుడు మగవాళ్లందరూ పారలు పక్కన పెట్టి జీపు ముందు నిలబడ్డారు. నాయిన హిందీ అంతంత మాత్రం. అయినా చెట్టు వైపు చెయ్యి చాచి, తడబడుతూ ఒకటే మాట చెప్పాడు. ఆమె ఆ చెట్టుకింద కూర్చుంటేనే మేం ఈ గుంతల్లో నిలబడగలం, సాబ్. ఓవర్సీర్ పెద్దవయసాయన. నడిచి చెట్టుదాకా వచ్చాడు, గీత దగ్గర ఆగాడు, ఉయ్యాలలు చూశాడు, అమ్మ కాలికున్న ముడులన్నీ చూశాడు. ఏం పని చేస్తున్నావమ్మా అని అడిగాడు. అమ్మ లేవలేదు, ఎలా లేస్తుంది, పిల్లలు కట్టేసి ఉంటే! కూర్చునే చెప్పింది. ఆయన మున్షీ వైపు తిరిగి, ఈమె ఏం చెబుతోందో అదే పెట్టు, పైవాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను అన్నాడు.

ఆ మాటు కూలి పంచేరోజు మేం పిల్లలం అందరం ముందు వరసలోనే ఉన్నాం. మున్షీ గొంతు సవరించుకున్నాడు.

‘ముత్తమ్మ బాయీ! బచ్చే సంభాల్‌నేవాలీ!’

పిల్లల్ని చూసుకునే ముత్తమ్మ. నవ్విన నాపచేనే పండింది! తమ్ముణ్ని చంకనేసుకుని, ఇంకెవరి పిల్లలో ఇద్దరు కొంగు పట్టుకుని వేలాడుతుంటే, మా అమ్మ అందరి ముందునుంచీ నడిచి వెళ్లింది. రేజా కూలే ఇచ్చారు, ఎక్కువేం కాదు. ఆమె వేలిముద్ర వేసేలోపు కన్నమ్మత్త ఊరుకుందా? ‘ఇగ మా అందరికి మొగోళ్లంత కూలి ఎప్పుడిస్తవ్ మున్షీ?’ అంది. మున్షీ వినబడనట్టే ఇంకో పేరు పిలిచాడు. నాకు మాత్రం ఆ రోజు నేల మీద కాలు నిలవలేదు. మా అమ్మ, చూశారా, మా అమ్మ అని కనబడిన వాళ్లకల్లా చెప్పి తిరిగాను.

ఆ రోడ్డు తర్వాత తారు రోడ్డయింది, వెడల్పయింది, దానికింద చింతచెట్టు పోయింది. నాట్లు ఇప్పుడు గుత్తకిస్తున్నారు, జట్టూ లేదు, మోపూ లేదు, ఆ మోపు పాట ఎత్తమంటే మా ఊళ్లో రెండో చరణం ఎవరికీ రాదు. అంగన్‌వాడీలొచ్చాయి, సంతోషమే. కానీ అక్కడ పొద్దంతా పిల్లలతో వేగే అమ్మాయికి ఇచ్చేదాన్ని జీతం అనరట, మానదేయం, అంటే గౌరవానికి ఇచ్చే సొమ్ము అంటారట! మానం సరే, కూలి అనడానికి ఇంకా నోరు రాదు వీళ్లకు.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే, గీదంలోనే ఉంటోంది. పళ్లు పోయాయి గానీ చెవులు పాములవే. నిన్న సాయంత్రం టీవీలో ఇద్దరు పెద్దమనుషులు బల్ల గుద్ది మరీ అరుచుకుంటున్నారు. తల్లి ఇంటిపట్టున ఉండాలని ఒకాయన, కాదు పనికి పోవాలని ఇంకొకాయన. అమ్మ నులకమంచం మీద కూర్చుని, ఏంది గొడవ అని అడిగింది. హిందీలో వాళ్లంటున్నదంతా తెలుగు చేసి చెప్పాను. ఓపిగ్గా విన్నది, కాసేపు ఆ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

‘పొద్దుగూకిందాంక ఈడ కూసొని ఒర్రుతున్నరు గదా బిడ్డా,’ అంది, ‘మరి ఆళ్ల పోరగాండ్లను ఎవలు పట్టిండ్రంట?’