చపుల్తెపెక్ చెరువుకి ఒక ఆదివారం

యూఫ్రసియా నాగజెముడు ఆకుల మీది ముళ్ళు చూడకుండానే తీసేస్తుంది. చేతిలో కత్తి దాని పని అది చేసుకుపోతుంటుంది, నోరు మాత్రం దారిన పోయేవాళ్ళని పిలుస్తుంటుంది. "రా తెల్లమ్మా, లేతాకులు, పొద్దున కోసినవి! కూరకి, పచ్చడికి, దేనికైనా!" అలా పిలిపించుకునే కొనడానికొచ్చినావిడ నాకంటే నలుపు. మా సంతకొచ్చే వాళ్ళందరూ మా నోట తెల్లవాళ్ళే, కొనకుండా వెళ్ళిపోయేదాకా.

పక్క జాగా నాది. ఎండుమిరపకాయలు అమ్ముతాను. మా పెద్దపిల్ల జ్ఞానస్నానం రోజు దాన్ని ఎత్తుకుని జ్ఞానతల్లిగా నిలబడింది యూఫ్రసియానే. అప్పట్నుంచి ఆవిడ నాకు కొమాద్రె, నేను ఆవిడకి కొమాద్రె. తోబుట్టువు కంటే గట్టి బంధం ఇది. తోబుట్టువుతో అయితే పోట్లాడి మాట్లాడ్డం మానేయొచ్చు.

మంగళవారం నుంచి ఆదివారం దాకా మా సంత ఆరు వీధుల్లో పడుతుంది, రోజుకో వీధి. ఆదివారం బేరమే బేరం. సోమవారం సెలవు. గుడ్డలుతకడం, మొగుణ్ణి తిట్టడం, కాళ్ళు చాపుకోవడం, అన్నీ ఆ ఒక్కరోజే. రెక్కాడితే గానీ డొక్కాడని మాకు ఆ రెండు మీటర్ల జాగాయే ఆస్తి. ఏడాదిలో మూడుసార్లు రాకపోతే సంతపెద్ద దోన్ నబోర్ ఆ జాగా ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఆయన పుస్తకంలో మన పేరు పక్కన గీత పడిందంటే దేవుడు దిగొచ్చినా చెరగదు.

యూఫ్రసియా పేరు పక్కన ఈ ఏడు జనవరిలోనే రెండు గీతలు పడ్డాయి, రెండూ కళ్ళాసుపత్రికి వెళ్ళిన రోజులే. ఆవిడ భర్త అబుందియో తాపీమేస్త్రీ. షుగరు వచ్చి నిరుడు కుడికన్ను పోయింది. ఎడమకన్ను వానలు పడేదాకా ఉంటే గొప్ప అన్నాడు డాక్టరు. మాకు వానలంటే జూన్.

ఆ మాట విన్నాక అబుందియో ఏమీ అడగలేదట. రెండు రోజుల తర్వాత చారు తాగుతూ, "ఒక్కసారి చపుల్తెపెక్ చెరువు చూస్తే బాగుండు," అన్నాడట.

వాళ్ళిద్దరూ కలిసింది అక్కడే. ఆవిడ అప్పట్లో డబ్బున్నవాళ్ళ ఇంట్లో పనిమనిషి, ఆయన ఇటుకలు మోసే కూలీ. పనిమనుషులకీ కూలీలకీ ఆదివారమే సెలవు, ఆదివారమంటే ఆ చెరువున్న పార్కే. పడవ అద్దెకి తీసుకున్నారు. ఇద్దరికీ తెడ్డు పట్టడం రాదు. పడవ నీళ్ళ మధ్యలో గిరగిరా తిరగడమే తప్ప ముందుకు పోలేదు. ఒడ్డున జనం ఈలలేశారు. "అంతలా నవ్వడం మళ్ళీ నా వల్ల కాలేదు కొమాద్రె," అంటుంది. పెళ్ళయి సంతలో జాగా దొరికాక, ఆవిడకి ఇంకో ఆదివారం దొరకలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు.

మార్చి అంతా మా రెండు కొట్ల మధ్య ఇదే మాట.

"సోమవారం వెళ్తాం. గీత పడదు, బేరం పోదు," అంది.

"వెళ్ళండి. వేరుశెనక్కాయలు పట్టుకెళ్ళు, అక్కడి ఉడతలు చేతిలోంచే లాక్కుంటాయి."

"ఉడతలకి నా మొగుడి వాటా పెట్టనా? ఆయనకి గుడ్డూ నాగజెముడూ పెట్టి రొట్టె కట్టిస్తాను. తీపి లేదు."

"పడవలోంచి పడిపోతే?"

"పడితే పడ్డాడు. ఎండలో స్నానం."

టోపీ కొంది. మెట్రో ఎక్కడ మారాలో నా చిన్నదాన్నడిగి మూడుసార్లు చెప్పించుకుంది. మునిగే పడవ కాకుండా చూసి తీసుకోమని నేనూ సలహా ఇచ్చాను, నేనేదో ఓడ నడిపినట్టు. ఇంతమందిమి ఇన్ని చెప్పాం గానీ, సోమవారం పార్కు మూసి ఉంటుందేమో అన్న అనుమానం ఒక్కరికి రాలేదు. ఎలా వస్తుంది? సోమవారం లోకమంతటికీ సెలవని మా లెక్క. ఆవిడ ఆ పార్కుని ఆదివారం తప్ప ఇంకో రోజు చూడనే లేదు.

ఏప్రిల్ చివరి సోమవారం వెళ్ళారు. గేటుకి గొలుసు. కాపలావాడు లోపల్నుంచి, "ఇవాళ సోమవారం కదమ్మా. చెట్లకీ ఓ రోజు సెలవుండాలిగా," అన్నాడట.

మంగళవారం పొద్దున ఇదంతా చెబుతూ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మా ఆయన చూశాడు కొమాద్రె! కమ్ముల్లోంచి చూసి, 'అదిగో నీళ్ళు, ఇంకా పచ్చగానే ఉన్నాయి' అన్నాడు. నాకు కనపడలేదు, నేను పొట్టిదాన్ని కదా. బయట అరుగు మీద కూర్చుని రొట్టెలు తిన్నాం."

ఆ గేటు దగ్గర నేనూ నిలబడ్డాను ఒకప్పుడు. అక్కణ్ణుంచి చెట్లూ రోడ్డూ తప్ప చెరువు కనపడదు, ఎంత పొడుగువాడికైనా. పెళ్ళాన్ని ఓదార్చడానికి అబద్ధమాడాడనుకుని ముచ్చటపడ్డాను. ఇప్పుడు తల్చుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

దూరం నుంచి చూసినవాడికి దగ్గర్నుంచి చూపించాలని ఆవిడకి పట్టుదల పెరిగింది. ఇంక ఆదివారమే దారి. దోన్ నబోర్ దగ్గరికి సెలవడగడానికి వెళితే నేనూ వెంట వెళ్ళాను, నోరు ఆవిడ కంటే నాది పెద్దది కాబట్టి.

"ఆదివారమా? బుధవారం అడుగు, నవ్వుతూ ఇస్తాను," అన్నాడు దోన్ నబోర్. "ఆదివారం జాగా కోసం పదకొండుమంది నా గుమ్మంలో కూర్చున్నారు దోన్య యూఫ్రసియా. ఖాళీ కనిపిస్తే నన్ను పీక్కుతింటారు."

"బుధవారం సంగతి నాకెందుకు? మేం వెళ్ళింది ఆదివారాలు. బ్యాండు వాయిస్తారు, బుడగలమ్ముతారు, పడవలన్నీ నీళ్ళలో ఉంటాయి. ఆయన చూడాలన్నది అది."

"ఖాళీగా ఎందుకుంటుంది? నా మిరపకాయలు అటు కూడా పరుస్తాను," అన్నాను నేను. "మీ అమ్మ కళ్ళు పోతుంటే ఇలాగే లెక్కలు చెబుతావా?"

"మా అమ్మని తీసుకురాకు మధ్యలోకి," అని గొణిగాడు గానీ, చివరికి నాలుగు వారాల తర్వాతి ఆదివారం ఇచ్చాడు. ఒక్కరోజు. గీత లేకుండా.

ఆ నాలుగు వారాలూ ఆవిడ ముఖం చూడాలి! అబుందియోకి నీలం చొక్కా కొంది. ఇంటికెళ్ళగానే రోజూ ఆయనతో అదే ముచ్చట. ఆయనా ఊరుకునేవాడు కాదట, "పడవ ఏ రంగుది తీసుకుందాం?" అనేవాడట. "ఎర్రదయితే నీళ్ళ మీద బాగా కనపడుతుంది," అని ఆయనే అనేవాడట. ఆవిడ చీకటితో సంతకి వచ్చేస్తుంది, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఒక్క గది ఇల్లు, వస్తువులన్నీ ఆయన చేతికి కంఠతా వచ్చు. బయటికెళ్ళినా కుడికన్ను పోయినప్పట్నుంచీ ఆవిడ భుజం పట్టుకునే నడుస్తున్నాడు. తేడా ఎలా తెలుస్తుంది?

ఆదివారం ఇంక మూడు రోజులుందనగా, గురువారం సంత ఎత్తేశాక కళ్ళాసుపత్రికి వెళ్ళారు. డాక్టరు ఎడమకంట్లో లైటు వేసి చూసి, "ఇది పోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

యూఫ్రసియా నవ్వబోయింది. "లేదు డాక్టరుగారూ, ఆయనకి కనపడుతుంది. మొన్న చెరువు కూడా చూశాడు."

అబుందియో తల వంచుకుని, "ఈస్టర్ ముందు," అన్నాడు.

అంటే ఆ సోమవారం గేటు దగ్గరికి గుడ్డివాడే వెళ్ళాడు. పచ్చనీళ్ళు, ఎర్రపడవ, అన్నీ కటిక చీకట్లోంచి చెప్పినవే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ చేతులు కాలిన సంగతి కూడా ఆవిడకి తెలియనివ్వలేదు ఆయన.

శుక్రవారం సంతలో ఇదంతా చెప్పిందే గానీ, వెళ్ళడం మానేశామని అనలేదు. ఆదివారం పొద్దున నేను ముందే వచ్చి ఆవిడ జాగాలో నా మిరపకాయలు పరిచేశాను. ఆరు కాకుండానే బండి తోసుకుంటూ వచ్చింది, ఆకుల మూటతో.

"ఇదేంటి? ఇవాళ మీకు సెలవు కదా!" అన్నాను. దోన్ నబోర్ కూడా పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు, "దోన్య యూఫ్రసియా, ఇవాళ గీత పడదు, చెప్పాగా, వెళ్ళండి," అన్నాడు. ఆ మనిషి గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"వద్దు," అంది.

"కనపడకపోతేనేం కొమాద్రె, పడవలో కూర్చోబెట్టు. నీళ్ళ చప్పుడు వింటాడు, గాలి తగులుతుంది."

"కూర్చుంటాడు. ఎలా ఉందంటే పచ్చగా ఉందంటాడు. నన్ను సంతోషపెట్టడానికి. నేనూ సంతోషించినట్టు ఉండాలి, ఆయన కోసం. నాకంత ఓపిక లేదు." బండి మూత విప్పింది. "ఎందుకు చెప్పలేదని అడిగాను. 'రోజంతా ముళ్ళు గీకి వచ్చి, ఆ ఆదివారం గురించి చెబుతుంటే నీ గొంతు బాగుండేది. ఆపాలనిపించలేదు' అన్నాడు."

ఆకుల మూట దింపడానికి నేనూ ఓ చెయ్యి వేశాను.

"ఇంకోటి కూడా అడిగాను," అంది. "చెరువు ఎలాగూ చూడలేదు కదా, మరి ఆ కంటితో ఆఖరుసారి ఏం చూశావు అని."

"ఏమన్నాడు?"

"'అదే ఆఖరుదని ఎవరైనా చెప్పారా, గుర్తుపెట్టుకోడానికి?' అన్నాడు."

అప్పటికే వీధి చివర కొనేవాళ్ళు కనపడుతున్నారు. ఆవిడ కత్తి తీసింది, తన జాగాలోంచి నా మిరపకాయలు తీసేయమంది. తీసేశాను.